బడి చూసి ఇల్లు తీసుకో బిడ్డా

మహబూబ్‌నగర్,
మార్చి 22.

చిరంజీవి సౌభాగ్యవతి పెద్దమ్మాయికి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ నేను, నాన్న క్షేమం. జూన్‌లో నీకు ఇక్కడి కలెక్టరేటుకు బదిలీ అవుతుందని, పిల్లలిద్దరినీ వెంట తీసుకొని వస్తున్నావని రాసిన ఉత్తరం చదివి నాన్న ఎంత సంతోషించాడో నేను మాటల్లో రాయలేను. మన ఇంట్లోనే ఉండమని ఆయన పట్టుపడుతున్నాడు. నేను మాత్రం ఆ మాట అనలేకపోతున్నాను, ఎందుకంటే మన కాలనీ నుంచి పిల్లలు నడిచిపోగలిగే బడి నువ్వు చదువుకున్న రోజుల్లోనూ లేదు, నేటికీ లేదు.

పాలకొండ దగ్గర కొత్త కలెక్టరేటు 2022 డిసెంబరులో ప్రారంభమయ్యాక ఆ చుట్టుపక్కల వచ్చిన వెంచర్లలో ఒక ఇల్లు అద్దెకు చూశామని, పిల్లలను పట్టణానికి అవతలి వైపున్న పేరున్న పాఠశాలలో చేర్పిస్తామని, ఉదయం ఏడుంబావుకు బస్సు ఇంటి ముందుకే వస్తుందని రాశావు. నీకు ఆఫీసు దగ్గర, రోడ్లు వెడల్పు, మిషన్ భగీరథ కుళాయి నీళ్లు వస్తాయి. ఇవన్నీ నిజమే. కానీ మూడో తరగతిలో చేరబోయే వాడు ఏడుంబావుకు బస్సెక్కాలంటే ఆరింటికి లేవాలి, సగం తిని సగం వదిలేయాలి, సాయంత్రం ఐదున్నరకు ఇల్లు చేరాలి. ముందు ఇల్లు చూసుకొని, దానికి తగినట్టు బడిని వెతుకుతున్నావు. బడిని ముందు చూసి, అక్కడికి పిల్లలు తమ కాళ్లతో పోగలిగేంత దూరంలో ఇల్లు తీసుకొమ్మని నిన్ను అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ మాట అనే అర్హత నాకు ఎలా వచ్చిందో నీకు చెప్పాలి. 1994లో మేము ఈ ప్లాటు కొన్నప్పుడు అమ్మినవాళ్లు చూపించిన నక్షాలో ఒక మూల పార్కు, దాని పక్కన బడికి స్థలం ఆకుపచ్చ రంగుతో గీసి ఉన్నాయి. ఆ ఆకుపచ్చ గడిని చూసే నేను నాన్నను ఒప్పించాను. నాలుగేళ్లు తిరగకముందే ఆ స్థలం కూడా ప్లాట్లుగా అమ్ముడుపోయింది. నీ పేరున ఉంచిన పక్క ప్లాటు క్రమబద్ధీకరణ కోసం 2020లో వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు చేసుకున్నాం కదా, ఆ లెక్కలో లేఅవుటులో ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువ మీద 14 శాతం మనమే కట్టాలని తేలింది. డబ్బు పోయినందుకు నాకు బాధ లేదు. ఆ స్థలంలో ఆడుకోవలసిన వయసు నీకు మళ్లీ రాదు కదా అన్నదే నా బాధ.

నేను దేవరకద్ర వైపు ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో పనిచేసేదాన్ని. వానలు ముఖం చాటేసిన ఏడాది తల్లిదండ్రులు బొంబాయికో పుణెకో వలస పోతే, ముసలమ్మ దగ్గర మిగిలిన పిల్లలు కూడా పలక పట్టుకొని గంట కొట్టే వేళకు వచ్చి కూర్చునేవారు. బడి వాళ్ల వాడకట్టులో ఉండటం వల్లనే అది సాధ్యమైంది. దారిలో ఎవరో ఒకరు కేకేసి పంపేవారు, రాకపోతే నేనే మధ్యాహ్నం వెళ్లి పిలుచుకొచ్చేదాన్ని. ఆ పిల్లల కోసం నేను ఇక్కడ తెల్లవారి బస్సెక్కితే, నువ్వు పదకొండు మంది పిల్లలున్న ఆటోలో డ్రైవరు పక్క కడ్డీ మీద కూర్చొని, రైల్వే గేటు పడినప్పుడల్లా అక్కడే కునుకు తీసి, రోజుకు రెండు గంటలు దారిలోనే గడిపావు. నీకు నాలుగో తరగతిలో స్నేహితురాళ్లు ఉన్నారు, కానీ ఒక్కరి ఇల్లూ మన కాలనీలో లేదు. ఆదివారం వాకిట్లో ఒంటరిగా కూర్చున్న నిన్ను చూసినప్పుడల్లా నేను చేసిన పొరపాటు నాకు గుర్తుకువచ్చేది. నీకు ఇంతవరకు ఈ మాట చెప్పలేదు.

ముప్పై ఏళ్లుగా ఈ పట్టణం పెరగడం చూస్తున్నాను కనుక ఒక సంగతి నాకు అర్థమైంది. ఏనుగొండ, బోయపల్లి, అప్పన్నపల్లి వంటివి ఒకప్పుడు వేటికవి ఊళ్లు, పట్టణం పాకి వాటిని తనలో కలుపుకుంది. అలా ఊరు కలిసిన చోట నడిమధ్యన గుడి ఉంటుంది, వేపచెట్ల కింద పాత సర్కారు బడి ఉంటుంది, ఆ బడి చుట్టూనే కొత్త కాలనీలు వెలుస్తాయి. వట్టి చేల మీద వేసిన వెంచరులో ప్లాట్లు ఉంటాయి, కమాను ఉంటుంది, బడికి బదులు బడి బస్సు వస్తుంది. అందుకే నువ్వు ఊరి కడుపులో ఉన్న కాలనీని చూసుకో. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినప్పుడు ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపు, ఎనిమిదో తరగతి దాకా మూడు కిలోమీటర్ల లోపు ఉండాలని నియమం పెట్టారు. నేను నీకు చెబుతున్నది ఆ కిలోమీటరు లెక్కే.

సర్కారు బడి అనగానే అల్లుడు గారు ఇంగ్లీషు సంగతి అడుగుతారని తెలుసు. 2022-23 నుంచి ఒకటి మొదలు ఎనిమిది తరగతుల వరకు ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, దాని ఎదుటి పేజీ ఇంగ్లీషు. ఆ ఎదురెదురు పేజీలు నాకు ఎంతో నచ్చాయి, మనవడు రెండూ చదివి పోల్చుకోవచ్చు. ప్రైవేటు బడే కావాలంటే నేను అడ్డుచెప్పను. ఏ బడైనా, 2018 చట్టం ప్రకారం పదో తరగతి దాకా తెలుగు చెప్పవలసిందే. ఆరో తరగతి నుంచే ఐఐటీ పేరు చెప్పి ఆటల పీరియడు తీసేసే బడికి మాత్రం మనవరాలిని పంపకు. అది పరుగెత్తే పిల్ల.

బడిని ఎలా చూడాలో కూడా రాస్తాను, ఎందుకంటే ఆఫీసు గదిలో కూర్చుంటే అన్ని బడులూ ఒకలాగే కనిపిస్తాయి. ముందు మరుగుదొడ్ల దగ్గరకు వెళ్లి కుళాయి తిప్పి చూడు, నీళ్లు రాని బడిలో ఆడపిల్ల పొద్దంతా దాహం చంపుకొని కూర్చుంటుంది. నాలుగో తరగతి పిల్లను పిలిచి తెలుగు పాఠం ఒక పేజీ చదవమని అడుగు, తడబడకుండా చదివితే అక్కడ టీచర్లు పని చేస్తున్నట్టే. ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు, 90 మంది వరకు ముగ్గురు టీచర్లు ఉండాలి, హాజరు పట్టిక చూసి లెక్కపెట్టుకో. సర్కారు బడి అయితే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్న తల్లులతో మాట్లాడు, 2024లో తాగునీరు, మరుగుదొడ్లు, కరెంటు మరమ్మతుల పనులు ఆ కమిటీలకే అప్పగించారు కనుక బడి బాగోగులు వాళ్లకు తెలుస్తాయి. ఇల్లు కొనే ఆలోచన కూడా ఉంటే లేఅవుటు నక్షాను నమ్మకు, పార్కు స్థలాన్ని పురపాలక సంస్థకు దానంగా రిజిస్టరు చేసిన గిఫ్టు డీడు నకలు అడుగు.

ఆఫీసు నీకు కొంత దూరమవుతుంది, నిజమే. ఆ దూరం నువ్వు పడు బిడ్డా, స్కూటీ మీద పోయిరాగలవు, పిల్లల మీద వేయకు. నీకు ఆలస్యమైన రోజు వాళ్లు నడిచి ఇంటికి వస్తారు, నేను ముందే వచ్చి తలుపు తీసి ఉంచుతాను.

ఏప్రిల్‌లో రెండో శనివారం వస్తానని రాశావు. ఆ రోజు బడులకు సెలవు, ఖాళీ గదులు చూసి లాభం లేదు. శుక్రవారం నాడే సెలవు పెట్టుకొని పొద్దున్నే బయలుదేరి రా. ఒంటిపూట బడులు కదా, పన్నెండున్నరకు గంట కొడతారు. మనిద్దరం పన్నెండుంబావుకల్లా ఏనుగొండలో ఉండి, గేటు పక్కన నీడలో నిలబడి, పిల్లలు ఏ వీధుల్లోకి విడిపోతారో చూద్దాం. ఆ వీధుల్లోనే ఇల్లు వెతుకుదాం.

ఇట్లు
మీ అమ్మ