పట్టీ తీసేసి రుచి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో ఖరీదైన సిగార్ల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ అది చదివి దుకాణానికి వెళ్లినవాడికి ఏ సిగార్ మంచిదో ఏది కాదో తేల్చుకునే దారి ఒక్కటీ దొరకదు, ఎందుకంటే అందులో ఉన్నదంతా ధర, దేశం పేరు, నడుముకి చుట్టిన బంగారు రంగు పట్టీ, ఆపైన చాక్లెట్, లెదర్, ఎస్ప్రెసో అని నాలుగు ఇంగ్లీషు రుచులు. నేను 34 ఏళ్లు పొగాకు గ్రేడింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను. మొదట్లో ఒంగోలు వైపు సిగరెట్లకి వెళ్లే బ్యారన్ ఆకు, తర్వాత గోదావరి లంకల్లో చుట్టాకు. ఆకు మీద బతికినవాణ్ణి కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు దుబాయ్ నుంచి వస్తూ రెండు సిగార్లు తెచ్చాడు. రెండూ రోబస్టో సైజే, అంటే సుమారు ఐదంగుళాల పొడవు, 50 రింగు లావు, అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో 50 అన్నమాట. ఒకటి క్యూబాది, ఒకటి నికరాగ్వాది, మొదటిదాని ధర రెండోదానికి మూడింతలు. నేను పక్క గదిలో కూర్చుని, వాడిచేత పట్టీలు తీయించి, ఒక్కోదాన్ని తెల్లకాగితంలో చుట్టి ఒకదాని మీద ఒక గీత, ఇంకోదాని మీద రెండు గీతలు పెట్టమన్నాను. అమెరికాలో సిగార్లకి వందకి ఇన్ని మార్కులని వేసే పెద్ద పత్రిక కూడా పట్టీలు తీసేశాకే రుచి చూస్తుంది. పేరు కనబడ్డాక నాలుక మాట ఎవరూ వినరు. పొగాకు కొనేచోట కూడా బేలు ఎవరిదో తెలిస్తే కొనేవాడి చెయ్యి కాస్త మెత్తబడేది, కళ్లారా చూశాను.

సగం తీర్పు వెలిగించకముందే అయిపోతుంది. రెండు వేళ్ల మధ్య పెట్టి పైనుంచి కిందికి మెల్లగా నొక్కుకుంటూ రావాలి. గట్టిగా తగిలినచోట ఆకు కుక్కేశారు, దమ్ము రాదు. మెత్తగా దిగినచోట లోపల ఖాళీ ఉంది, అక్కడికొచ్చేసరికి వేడెక్కి కారంగా కాలుతుంది. బయట చుట్టిన పైఆకు మీద ఈనెలు సన్నగా ఉండి, లేతగా నూనె మెరుపు ఉండాలి. నొక్కితే పెళపెళమంటే ఎండిపోయినట్టే. తల వైపు రెండు మిల్లీమీటర్లు మించకుండా కోసి, నిప్పు పెట్టకుండానే ఒకసారి పీల్చి చూశాను. ఒక గీతదాంట్లో ఎండుగడ్డి వాములో చెయ్యి దూర్చినప్పటి వాసన, దాని వెనక కొంచెం తాటిబెల్లం. మర్నాడు తీసిన రెండు గీతలదాంట్లో ముందు మిరియమే తగిలింది.

వెలిగించాక నిమిషానికి ఒక్క దమ్ము, అంతకన్నా తొందరపడితే ఎంత గొప్ప ఆకైనా చేదెక్కుతుంది. పొగ మింగకూడదు, నోట్లో ఆడించి కొద్దిగా ముక్కులోంచి వదిలితే అసలు వాసన అక్కడ తెలుస్తుంది. మీ వ్యాసంలో లేని ముఖ్యమైన సంగతి ఒకటి చెప్పాలి. క్యూబాలో ఒకే మొక్కకి కింది ఆకుని వొలాడో, నడిమి ఆకుని సెకో, కొన దగ్గరి ఆకుని లిహేరో అంటారు. కింది ఆకు బాగా అంటుకుంటుంది, నడిమిది వాసన ఇస్తుంది, ఎండంతా తాగిన కొన ఆకు ఘాటుగా ఉంటుంది కానీ నెమ్మదిగా కాలుతుంది, అందుకే దాన్ని సరిగ్గా మధ్యలో పెట్టి చుడతారు. బూడిద రాల్చి చూస్తే నిప్పు మొనదేలి ఉండాలి. ఒక పక్కకి వాలి కాలుతోందంటే ఆ ఆకు పక్కకి జరిగిందని చాలాసార్లు చెప్పొచ్చు. ఒక గీతదాని నిప్పు చెక్కిన పెన్సిల్ మొనలా ఉంది. దమ్ము మాత్రం కాస్త బిగుతు, దానికి మార్కు తగ్గించాను.

రెండు గీతలది మొదటి సగం చాలా బాగుంది, నిజానికి మొదటిదానికన్నా హుషారుగా ఉంది. ఆఖరి రెండంగుళాల్లో ముక్కులో అమోనియా గుచ్చింది. ఆ వాసన నాకు కొత్తది కాదు. ఆరిన ఆకుని మండె వేస్తే, అంటే గుట్టగా పేర్చి మాగబెడితే, లోపల వేడి పుడుతుంది, ఆ వేడికి అమోనియా పోతుంది, మండె విప్పి, తిరగేసి మళ్లీ వేయాలి. మంచి సిగార్ ఆకుకి ఈ పని నెలల తరబడి చేస్తారు. అక్కడ ఓపిక తగ్గిన ఆకు చివర్లో బయటపడుతుంది.

కాగితాలు విప్పిస్తే ఒక గీతది క్యూబాది. ధర ఈసారి నిజమే చెప్పింది. కానీ ఎందుకు మంచిదో నేను చెప్పగలుగుతున్నది పట్టీ చూడకపోవడం వల్ల. ఇంకో పెట్టెలోది తీస్తే తీర్పు తిరగబడొచ్చు కూడా, చేత్తో చుట్టిన సరుకు కదా.

హైదరాబాద్‌లో ఒక పెద్ద దుకాణంలో నాకు జరిగింది కూడా చెబుతాను. గాజు అలమారాలోంచి తీసిచ్చిన సిగార్ పైఆకు మీద సూదితో గుచ్చినట్టు రెండు చిల్లులు. ఇదేంటి బాబూ అంటే, ఆకు సహజం సార్ అన్నాడు కుర్రాడు. ఆకు సహజం కాదు, పొగాకు పురుగు తొలిచిన చిల్లు అది, గోడౌన్లలో దానితో నేను పడని అవస్థ లేదు. వేడి, తేమ ఎక్కువైతే దాని గుడ్లు పగిలి పిల్లలొస్తాయి, మన ఎండల్లో అది ఎంతసేపు? నాలుగు వేలు పెట్టేవాడికి ఆ చిల్లు ఎలా ఉంటుందో మీ వ్యాసం చూపించి ఉంటే ఎంత మేలు జరిగేది.

బూడిద తెల్లగా ఉంటే మేలురకం అని రాశారు, అది సరికాదు. బూడిద రంగు నేలలోని ఖనిజాలని బట్టి వస్తుంది. సరిగా కాలుతోందా లేదా అన్నది చూడాలి. ఉప్పునీళ్లు పారిన నేలలో ఆకుకి క్లోరైడ్ పట్టి నిప్పు నిలవదు. రాజమండ్రిలో 1947లో పెట్టిన పొగాకు పరిశోధన కేంద్రం వాళ్లు బావినీళ్లు పరీక్ష చేయించుకోమనేది ఇందుకే.

నన్ను బాగా బాధపెట్టింది "మన మోటు చుట్టలతో దీనికి పోలికే లేదు" అన్న ఒక్క వాక్యం. చుట్ట సిగార్ కాదు, ఒప్పుకుంటాను, అంత మాగబెట్టరు, అంత జాగ్రత్తగా మూడు రకాల ఆకు కూర్చరు. కానీ గోదావరి లంకల ఆకుతో చుట్టిన చుట్టని బ్రిటిష్‌వాళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో లంక పేరుతోనే అడిగి కొనుక్కునేవారు. వరద వదిలిపెట్టి పోయిన ఒండ్రులో పెరిగిన ఆకు అది. మా తాతయ్య ఆకుని వేలికి చుట్టి చూసేవాడు, విరిగితే పక్కన పడేసేవాడు, సాగితే వాసన చూసి "వేయించిన చింతగింజ" అనేవాడు. ఆ మాట నాకు లెదర్ కన్నా ఎక్కువ చెబుతుంది. కొత్త చెప్పులు, తడిసిన ఇటుక, పశువుల పాక, మాడీ మాడని శనగపప్పు, ఇన్ని వాసనలు మనకి తెలిసి ఉండగా తెలుగు పాఠకుడికి ఎప్పుడూ తినని రుచుల పేర్లు ఎందుకు?

ఇంకొకటి, ఇది వదిలేస్తే నాది కూడా సగం ఉత్తరమే అవుతుంది. పొగ మింగం కాబట్టి సిగార్ ప్రమాదం కాదన్నట్టు రాశారు. సిగరెట్లో వేసే బ్యారన్ ఆకు పొగ ఆమ్లగుణం, ఊపిరితిత్తుల్లోకి లాగితేనే నికోటిన్ బాగా ఎక్కుతుంది. సిగార్ ఆకు పొగ క్షారగుణం, నోటి చర్మంలోంచే ఎక్కేస్తుంది. ఒక పెద్ద సిగార్‌లో పెట్టెడు సిగరెట్లంత పొగాకు ఉండొచ్చు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిట్లో పుళ్లు, క్యాన్సర్లు ఎంతమంది డాక్టర్లు రాశారో మీ పాత సంచికల్లోనే ఉంటుంది. నేను ఆ రెండు సిగార్ల తర్వాత మళ్లీ ముట్టలేదు, మా ఇంట్లో పిల్లల్ని ముట్టనివ్వను కూడా.

మళ్లీ ఎప్పుడైనా రాయిస్తే, దయచేసి ఆకు పట్టుకున్న చెయ్యి ఉన్న మనిషిని ఒకరిని పక్కన కూర్చోబెట్టి, పట్టీలు తీసేసి, నోటి డాక్టర్ గారి మాట కూడా అదే పేజీలో వేయించండి. పిలిస్తే నేను సొంత ఖర్చులతో వస్తాను. వాసన చూసి చెబుతాను, కాల్చడం మాత్రం వేరెవరైనా చేయాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పొగాకు గ్రేడర్,
రాజమండ్రి