అమ్మ వేలిముద్రలకు హైదరాబాద్ దాకా వెళ్లాలా?

సంపాదకులకు నమస్కారం.

మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి. అమ్మకి 82 ఏళ్లు. తమ్ముడు అమెరికాలో, న్యూజెర్సీలో ఉంటాడు. వాడు ఇక్కడికి వస్తే తిరిగి వెళ్లడానికి వీసా స్టాంపింగ్ కావాలి. అది ఎప్పుడవుతుందో, ఈలోగా ఉద్యోగం ఏమవుతుందో అని వాడి టెన్షన్. నాలుగేళ్లయింది ఊరు చూసి. ఇక లాభం లేదని అమ్మే వాడి దగ్గరికి బయల్దేరింది. పదేళ్ల పాత వీసా 2023లో అయిపోయింది. దాని మీద రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ గడువు కంటే ముందే వచ్చేసింది.

79 ఏళ్లు దాటినవారికి ఇదివరకు సాధారణంగా వీసా ఇంటర్వ్యూ ఉండేది కాదు. 2025 సెప్టెంబర్ 2 నుంచి అమెరికా ఆ మినహాయింపు తీసేసింది. విజిటర్ వీసా గడువు ముగిసి 12 నెలలు దాటకపోతేనే ఇంటర్వ్యూ లేకుండా రెన్యువల్‌కి అవకాశం. దాటిందంటే ఎంత పెద్దవాళ్లయినా వెళ్లి కౌంటర్ ముందు నిలబడాల్సిందే. అదీ ఒక్కరోజుతో తేలదు. ముందు వేలిముద్రలు, ఫొటో. ఇంటర్వ్యూ మరో రోజు.

హైదరాబాద్ వెళ్లడానికి పలాసలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. రాత్రంతా ప్రయాణం. మోకాళ్ల నొప్పులతో అమ్మ బెర్త్ మీద కూర్చునే తెల్లవార్చింది. మర్నాడు వేలిముద్రల దగ్గర, గాజు పలక మీద చెయ్యి పెడితే గీతలు పడలేదు. రేషన్ షాపులోనూ ఆవిడకిదే బాధ. పొలంలో కలుపు తీసీ, అంట్లు తోమీ అరిగిపోయిన వేళ్లవి. అక్కడున్న అమ్మాయి విసుక్కోకుండా తడిగుడ్డతో తుడిచి, ఒక్కో వేలూ తనే నొక్కిపట్టింది. నాలుగోసారికి పడ్డాయి. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

తర్వాతి రోజు ఇంటర్వ్యూ. తెలుగులోనే అడిగారు. ఎవరి దగ్గరికి, కొడుకు ఏం చేస్తాడు, ఎన్నాళ్లుంటారు? "మనవడి అన్నప్రాసన చూసుకుని వచ్చేస్తాను బాబూ, కోతలకి ఇంట్లో ఉండాలి" అంది అమ్మ. వీసా ఇచ్చారు. రెండు నిమిషాలు పట్టలేదు. కొడుకు పేరెత్తొద్దు, టూర్‌కని చెప్పమని మాకో ఏజెంట్ సలహా ఇచ్చాడు. వినకపోవడమే మంచిదైంది. దయచేసి ఎవరూ పెద్దవాళ్లకి అబద్ధాలు నేర్పి పంపకండి. అమెరికా చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, విజిటర్ వీసా అడిగినవాళ్లు అక్కడే ఉండిపోవడానికి వస్తున్నారనే ముందు అనుకుంటారు. కాదని మనమే నమ్మించాలి. అలాంటిచోట మాట తడబడితే 185 డాలర్ల ఫీజు, అంటే సుమారు 16 వేల రూపాయలు, తిరిగి రాదు.

ఎవరికి వీసా ఇవ్వాలన్నది ఆ దేశం ఇష్టం. దాన్ని నేను తప్పుపట్టను. నా బాధ దూరం గురించి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా మూడింటికీ హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేటే దిక్కు. 2023లో నానక్‌రామ్‌గూడలో పెద్ద భవనం కట్టారు, సంతోషం. కానీ ఇచ్ఛాపురం నుంచి, హిందూపురం నుంచి వచ్చే ముసలివాళ్లకి అది దగ్గర కాలేదు కదా. పాస్‌పోర్టుకీ ఒకప్పుడు ఇలాగే తిరిగేవాళ్లం. 2017 నుంచి పోస్టాఫీసుల్లోనే సేవాకేంద్రాలు పెట్టారు, ఎంత ఊరటో! వీసా వేలిముద్రలు తీసుకోవడానికి విశాఖలోనో విజయవాడలోనో ఒక కేంద్రం పెట్టమని కేంద్ర విదేశాంగ శాఖ, మన రాష్ట్ర ప్రభుత్వం అమెరికాని గట్టిగా అడగాలి. ఇదివరకు వెళ్లి గడువులోపు తిరిగొచ్చిన ఎనభై ఏళ్లవారికి ఇంటర్వ్యూ మినహాయింపు మళ్లీ ఇమ్మని కూడా అడగాలి. మన ఎంపీలు ఈ సంగతి పార్లమెంటులో ఎత్తితే ఎన్ని ఇళ్లలో దీవిస్తారో.

మా తమ్ముడి అత్తగారు పాలకొండలో ఉంటారు. అమ్మ తిరిగొచ్చాక మనవడి దగ్గరికి వెళ్లే వంతు ఆవిడది. ఈమధ్యే తుంటి ఆపరేషన్ అయింది, కర్ర పట్టుకుని నడుస్తున్నారు. ఆవిడ బయల్దేరేలోగా వేలిముద్రలైనా విశాఖలో ఇచ్చే ఏర్పాటు జరిగేలా చూడాలని పాలకులను వేడుకుంటున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా