రీల్‌కు సాన పట్టలేదు, రంగు వేశారు

ఫ్రిస్కో, టెక్సస్
2025 జూన్ 16

పాత గోల్ఫ్ మైదాన యంత్రాల విక్రయ సంస్థ యజమాని గారికి,

విషయం: ఏప్రిల్ 26న మీ గోదాములో కొన్న పాత గ్రీన్స్ మోవర్ (గోల్ఫ్ మైదానంలో గడ్డిని బాగా పొట్టిగా కోసే యంత్రం) చెప్పిన స్థితిలో లేనందున సొమ్ము వాపసు కోరుతూ.

అయ్యా,

ఈ ఉత్తరం తెలుగులో రాయడానికి కారణం ఉంది. మన బేరం మొదటి మాట నుంచి చివరి మాట దాకా తెలుగులోనే సాగింది. మీ దగ్గర అమ్మకాలు చూసే అబ్బాయి ఫోనులో మా ఊరు అడిగి, గుంటూరని చెప్పగానే తమదీ ఆ పక్కేనని సంబరపడి, అక్కడి నుంచి అరగంట సేపు నన్ను ‘అన్నా’ అనే పిలిచాడు. హామీలన్నీ ఆ వరసలోనే ఇచ్చాడు. వాటిని ఇంకో భాషలోకి మార్చి పలచన చేయడం నాకు ఇష్టం లేదు. ఇంగ్లీషు ప్రతి కూడా జతపరుస్తున్నాను. అది మీ వకీలుకు పనికొస్తుంది.

మా ఇంటి ముందూ వెనకా కలిపి సుమారు 3,500 చదరపు అడుగుల పచ్చిక ఉంది. టిఫ్‌వే 419 అనే బెర్ముడా రకం. జార్జియాలోని టిఫ్టన్‌లో తయారై 1960లో విడుదలైన సంకర జాతి. దాని తల్లిదండ్రుల్లో ఒకటి వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరికే. వేసవికి మా దగ్గరికి వచ్చిన అమ్మ, ‘గరిక కోయడానికి 1,850 డాలర్లా నాయనా, ఒక మేకను కట్టేస్తే పోయేదిగా’ అంది. ఆ రోజు నవ్వాను. ఇప్పుడు ఆవిడ ఆ మాట మళ్ళీ అనకుండా, పచ్చికను ఒకసారి, నన్ను ఒకసారి చూసి ఊరుకుంటోంది. అది ఇంకా కష్టంగా ఉంది.

ఆ గడ్డిని ముప్పావు అంగుళం ఎత్తులో ఉంచాలన్నది నా కోరిక. మాది నల్లమట్టి నేల. ఎండకు బీటలు వారుతుంది, వానకు ఉబ్బుతుంది, ఏ రెండు నెలలూ ఒకేలా ఉండదు. మామూలు రోటరీ మోవర్‌ను అంత కిందికి దించితే మిట్ట తగిలినచోటల్లా నేలను గీరేస్తుంది. పైగా రోటరీ కత్తి గడ్డిని వేగంతో కొట్టి తెంపుతుంది. పదును కాస్త తగ్గినా మర్నాటికి కొనలు చీరుకుపోయి తెల్లగా ఎండుతాయి. మీ దగ్గర కొన్నలాంటి రీల్ మోవర్ పద్ధతి వేరు, అది కత్తెర. రీల్ అనే గుండ్రటి చట్రంలో తిరిగే కత్తులు గడ్డిని లాక్కొచ్చి, కింద కదలకుండా ఉండే బెడ్‌నైఫ్ అంచు మీద కోస్తాయి. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. మిల్లులో ఉన్ని బట్ట మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి అతనికి ఆ ఆలోచన తట్టిందంటారు. అప్పటి నుంచి ఇంజన్లు వచ్చాయి, బెల్టులు వచ్చాయి, కిటుకు మాత్రం మారలేదు. రీల్ అంచుకూ బెడ్‌నైఫ్ అంచుకూ మధ్య ఉండే ఆ సన్నని సందు సరిగ్గా కుదిరితే అది మోవర్. కుదరకపోతే క్వింటాలు ఇనుము. నా గరాజులో ప్రస్తుతం ఉన్నది రెండోది.

పాతది కొనడం నా తప్పని మీ అబ్బాయి చివరి ఫోనులో అన్నాడు. కాదు. ఈ రకం కొత్త యంత్రం పదివేల డాలర్లు దాటుతుంది. గోల్ఫ్ మైదానాలు వీటిని కొన్నేళ్ళ లీజుకు తీసుకుని, గడువు తీరగానే వదిలించుకుంటాయి. రోజూ నడిచినవే అయినా సొంత వర్క్‌షాపులో మెకానిక్ చేతి కింద ఉన్నవి కనుక, వారానికి రెండుసార్లు కోసే ఇంటికి వాటిలో ఇంకా చాలా ఆయుష్షు మిగిలి ఉంటుంది. మా వీధిలోనే ఒకాయన అలాంటిది కొని మూడేళ్ళుగా వాడుతున్నారు. ఆయన పచ్చిక చూసే నాకు ఈ ఆశ పుట్టింది. నా లెక్కలో తప్పు లేదు. మీ దగ్గరికి రావడంలో ఉంది.

ఏప్రిల్ 22న నేను వాట్సాప్‌లో రెండే ప్రశ్నలు అడిగాను. రీల్ పదును ఎలా ఉంది? ముప్పావు అంగుళం ఎత్తులో కోస్తుందా? వచ్చిన జవాబును అక్షరం మార్చకుండా ఇస్తున్నాను: ‘అన్నా, రీల్‌కు కొత్తగా సాన పట్టించాం, బ్యాక్‌ల్యాప్ కూడా చేశాం. ముప్పావు అంగుళం హాయిగా కోస్తుంది. తీసుకెళ్ళి పెట్రోలు పోసి నడపడమే.’ బ్యాక్‌ల్యాప్ అంటే రాపిడి ముద్ద పూసి రీల్‌ను వెనక్కి తిప్పుతూ అంచులు నూరడం. ఆ సందేశం నా ఫోనులో భద్రంగా ఉంది.

26వ తేదీ శనివారం మీ గోదాముకు వచ్చాను. యంత్రం నల్లగా నిగనిగలాడుతోంది. ఇంజన్ మొదటి లాగుకే అందుకుంది. ఇక్కడ నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి: జేబులో ఒక కాగితం ముక్క పెట్టుకుని రాలేదు. రీల్‌ను చేత్తో మెల్లగా తిప్పుతూ కాగితాన్ని బెడ్‌నైఫ్ దగ్గర పెడితే, పదును ఉన్న యంత్రం దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తుంచేస్తుంది. ఆ సంగతి నాకు ఆదివారం సాయంత్రం తెలిసింది. శనివారం నేను చూసింది ఆ నిగనిగ ఒక్కటే. ఆ నిగనిగే మీరు దాచిన విషయమని అప్పుడు తెలియలేదు.

ఆదివారం ముందు వాకిట్లో మొదటి వరస కోశాను. వెనక్కి తిరిగి చూస్తే వరస ఎడమ పక్కన జానెడు లోపు వెడల్పున గడ్డి నిలువునా అలాగే నిలబడి ఉంది. రెండో వరస, మూడో వరస, అదే వరుసలో అదే పిలక. కుడి పక్కనేమో కోసిన గడ్డి కొనలు నమిలినట్టున్నాయి. ఇంజన్ ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు తీసి, యంత్రాన్ని వెనక్కి వాల్చి చూశాను. సాన పట్టిన కత్తి అంచు వెండి గీతలా మెరవాలి. ఈ రీల్‌కు పదకొండు కత్తులున్నాయి. పదకొండింటి అంచుల మీదా నల్లరంగే. కుడి వైపు బెడ్‌నైఫ్‌కు రాసుకున్నంత మేర రంగు లేచిపోయింది. ఎడమ చివర నాలుగు అంగుళాల మేర చెక్కు చెదరలేదు. అంటే మీరు రంగు వేసిన దగ్గర నుంచి ఆ భాగం బెడ్‌నైఫ్‌ను ఒక్కసారి కూడా తాకలేదు. సాన పట్టించిన రీల్‌కు అంచు మీద రంగు ఎందుకు వేస్తారో, వేస్తే ఆ సాన దేనికో మీరే చెప్పాలి. ఫొటోలు జతపరిచాను. మూడో ఫొటోలో అంచు మీద కుంచె వెంట్రుక కూడా ఒకటి అతుక్కుని కనిపిస్తుంది.

ఎత్తు సంగతి. ముందు రోలర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్లను పై గంటు దాకా జరిపినా ఈ యంత్రం అర అంగుళం దాటడం లేదు. గ్రీన్స్ మీద, అంటే గోల్ఫ్ బంతిని వేసే గుంట చుట్టూ ఉండే పచ్చిక మీద, గడ్డిని అంగుళంలో ఎనిమిదో వంతు దాకా కూడా కోస్తారు. ఈ బ్రాకెట్లు ఆ పనికి బిగించినవి. పదకొండు కత్తుల రీల్ కూడా ఆ పనికే. కత్తులు అంత దగ్గరగా ఉంటే పొడుగు గడ్డి వాటి మధ్యకు రాకుండా ముందుకు వంగిపోతుంది. ముప్పావు అంగుళానికి ఎత్తు బ్రాకెట్లూ, తక్కువ కత్తుల రీలూ కావాలి. ఇవన్నీ నాకు తెలిసి ఉంటే ఆ రెండో ప్రశ్న అడిగే పనే లేదు. తెలియకే అడిగాను. ఈ యంత్రాలే అమ్ముకుని బతికేవాళ్ళు హాయిగా కోస్తుందన్నారు. కోసింది. అర అంగుళానికి గీరితే పచ్చదనమంతా పోయి కింద ఉన్న గోధుమరంగు కాడలు బయటపడ్డాయి. బెర్ముడా మొండిది కనుక మూడు వారాల్లో మళ్ళీ చిగురించింది. ఈ మొత్తం వ్యవహారంలో చెప్పిన మాట నిలబెట్టుకున్నది ఆ గడ్డి ఒక్కటే.

మీకు నాలుగుసార్లు ఫోను చేశాను. మొదటిసారి, కొత్తలో అలాగే ఉంటుంది, నాలుగు కోతలకు సర్దుకుంటుందన్నారు. కత్తి వాడేకొద్దీ పదునెక్కుతుందన్న మాట మా ఇంట్లో కత్తిపీటకు కూడా వర్తించదు. రెండోసారి, ఎడమ వైపు సర్దుబాటు బోల్టు బిగించమన్నారు. ఆ బోల్టు మరచుట్లలోకీ రంగు దిగి గడ్డకట్టింది. నూనె పోసి రాత్రంతా నాననిచ్చి తిప్పితే, ఎడమ చివర తాకింది, కుడి చివర బిగుసుకుంది, రీల్ కీచుమంటూ రెండు నిమిషాల్లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. మూడోసారి, తప్పు మా పచ్చికదన్నారు, గుంతలున్నాయన్నారు. ఉన్నాయి, నిరుడు నాలుగు క్యూబిక్ గజాల ఇసుక పోసి చాలావరకు చదును చేశాను. గుంతల వల్ల అక్కడక్కడ ఎత్తుపల్లాలు వస్తాయి కానీ, ప్రతి వరసకూ ఎడమ పక్కనే, తాడు పట్టి గీసినట్టు పిలక మిగలదు. నాలుగోసారి ‘అన్నా’ పోయి ‘సార్’ వచ్చింది. బిల్లు వెనక ఉన్నది ఉన్నట్టుగా అమ్మామని రాసి ఉంది, చదువుకోమన్నారు.

మే 17న, గోల్ఫ్ మైదానంలో మెకానిక్‌గా చేసి రిటైరైన ఒక పెద్దమనిషి దగ్గరికి యంత్రాన్ని తీసుకెళ్ళాను. ఆయన ముందు ఏమీ మాట్లాడలేదు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, వేలి గోరును ఒక కత్తి అంచు మీద అడ్డంగా జరిపి చూశారు. తర్వాత వ్యాసం కొలిచే క్యాలిపర్ తెచ్చారు. కొత్తప్పుడు 5 అంగుళాల వ్యాసం ఉండే రీల్ ఇప్పుడు కుడి చివర 4.50, ఎడమ చివర 4.42. అంటే అరగడంలో కూడా ఒక పక్కకు శంకువులా అరిగింది. బెడ్‌నైఫ్‌ను సమంగా పెడితే ఎడమ చివర మిల్లీమీటరు సందు. పది కాగితాలు ఒకేసారి దూరతాయి. బెడ్‌నైఫ్ అంచు గుండ్రంగా మొద్దుబారింది. రీల్ బేరింగుల గ్రీజు నిపిళ్ళ మీద రంగు పొర ఉంది. దాన్ని గీకి గ్రీజు ఎక్కిస్తే ముందుగా తుప్పు నీళ్ళు బయటికి వచ్చాయి. ఈ రీల్‌కు ఇటీవల సాన పట్టిన ఆనవాలు లేదని, ఇప్పుడు సమంగా సాన పడితే మిగిలే లోహం పనికిరాదని, రీలూ బెడ్‌నైఫూ రెండూ మార్చక తప్పదని ఆయన రాసి సంతకం చేసి ఇచ్చారు. ప్రతి జతపరిచాను. ఇంజన్ మాత్రం బంగారమన్నారు. ఆ మాట కూడా దాచకుండా రాస్తున్నాను.

‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్నదానికి నా జవాబు ఇది. రేపు క్లచ్ కేబుల్ తెగితే, బెల్టు పోతే, యంత్రాన్ని ముందుకు నడిపే డ్రమ్ము మొరాయిస్తే అది నా ఖర్మ. పాత సరుకు కొన్నాను కనుక నోరెత్తను. గీతలకూ సొట్టలకూ నేను మిమ్మల్ని అడగలేదు. లేని పదునును ఉందని చెప్పడం, చేయని పనిని చేశామని రాతలో ఇవ్వడం ఆ వాక్యం చాటుకు రావు. టెక్సస్‌లో 1973 నుంచి అమల్లో ఉన్న మోసపూరిత వ్యాపార పద్ధతుల చట్టం, సరుకు ఒక నాణ్యతది అయి ఉండగా మరో నాణ్యతదని చెప్పడాన్ని పేరు పెట్టి మరీ తప్పుపడుతోంది. దావా వేసే ముందు 60 రోజుల గడువుతో రాతపూర్వకంగా తెలియజేయాలని కూడా అదే చట్టం చెబుతోంది. ఈ ఉత్తరాన్ని ఆ నోటీసుగా భావించండి. గడువు ఆగస్టు 15తో తీరుతుంది. ఆ తర్వాత చిన్న దావాలు విచారించే జస్టిస్ కోర్టు; అక్కడ 20,000 డాలర్ల దాకా వ్యాజ్యాలు తీసుకుంటారు, నాది అందులో పదో వంతు.

నేను అడిగేది: యంత్రం ధర 1,850 డాలర్లు, తనిఖీకి ఇచ్చిన 95, ట్రైలర్ అద్దె 58, మొత్తం 2,003 డాలర్లు వాపసు ఇచ్చి మీ యంత్రాన్ని మీరు తీసుకెళ్ళడం. అలా కాదంటే, తక్కువ కత్తుల కొత్త రీలూ, కొత్త బెడ్‌నైఫూ, ఎత్తు బ్రాకెట్లూ మీ ఖర్చుతో వేయించి, మా పచ్చిక మీద ముప్పావు అంగుళంలో రెండు వరసలు నా ఎదుట కోసి చూపిస్తే దానికీ ఒప్పుకుంటాను. గోదాములో సిమెంటు నేల మీద నడిపి చూపిస్తే ఒప్పుకోను. తగ్గింపు కూపన్లు, ఇంకో పాత యంత్రంతో మార్పిడి నాకు వద్దు.

మా వీధి ఇళ్ళ సంఘం నుంచి గడ్డి పెరిగిందని ఇప్పటికే ఒక చీటీ వచ్చింది. ప్రస్తుతానికి పాత రోటరీతోనే రెండు అంగుళాల ఎత్తులో కోస్తున్నాను. మీ యంత్రం గరాజులో దుప్పటి కింద ఉంది. శని, ఆదివారాల్లో ఉదయం పదింటి లోపు ఎప్పుడైనా రావచ్చు. ముందు రోజు ఫోను చేసి రండి. ట్రైలర్ ఎక్కించే ర్యాంపు మీరే తెచ్చుకోండి. మొన్న నేను వాడిన చెక్క పలక దాని బరువుకు విరిగింది, ఆ పలక డబ్బు పై లెక్కలో వేయలేదు.

ఇట్లు,
ఏప్రిల్ 26 నాటి బిల్లులోని కొనుగోలుదారు

జతపరచినవి: బిల్లు నకలు, ఏప్రిల్ 22 నాటి సందేశం ప్రతి, ఏడు ఫొటోలు, మెకానిక్ తనిఖీ పత్రం, ట్రైలర్ అద్దె రసీదు, ఈ ఉత్తరానికి ఇంగ్లీషు ప్రతి.