కాలువ కట్టేసిన రోజుల్లో అమ్మాయికి

చి.ల.సౌ. అమ్మలుకి నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అంతా క్షేమం. బాబుకి జలుబు తగ్గిందా? ఫోన్లో నువ్వెప్పుడూ ఆఫీసు టెన్షన్‌లో ఉంటావు, అందుకే తీరిగ్గా చదువుకుంటావని రాస్తున్నాను.

ఉగాది వెళ్లాక వచ్చిన ఆదివారం మన వీధి వాళ్లం వ్యాన్ కట్టించుకుని ఎదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా కోరంగి మడ అడవికి వెళ్లాం. ఇంత దగ్గర్లో ఉండి నేను ఒక్కసారీ వెళ్లలేదమ్మా. చిన్నప్పుడు నువ్వు అడిగితే బురద, దోమలు అని నిన్నూ తీసుకెళ్లలేదు. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తోంది.

చెక్క బాట మీద నడుస్తుంటే రెండు పక్కలా మడచెట్లు. మేం వెళ్లేసరికి నీరు పాటు మీద, అంటే వెనక్కి తీస్తూ ఉంది. బురదలోంచి వేళ్లు పైకి మేకుల్లా పొడుచుకొచ్చి కనిపించాయి. ఊపిరాడని ఆ బురదలో చెట్టు గాలి పీల్చుకునేది వాటితోనేనట. ఉప్పుపొన్న విత్తనమైతే చెట్టు మీదే మొలకెత్తి, ములక్కాడలా వేలాడి, పెరిగాక కింద పడుతుంది. నీటిపిల్లి కనిపిస్తుందేమోనని చూశాం గానీ కనిపించలేదు.

పెద్ద అల వచ్చినా ఈ వేళ్లలో పడి దాని ఉరవడి తగ్గుతుందని మా వెంట వచ్చినతను చెప్పాడు. నాకు వెంటనే 1996 నవంబరు 6 తుఫాను రాత్రి గుర్తొచ్చింది. నీకు ఆరేళ్లు. నిన్ను మంచం కింద పడుకోబెట్టి, మీ అమ్మ తలుపుకి వీపు ఆనించి నిలబడింది. తెల్లారి చూస్తే దొడ్లో సగం కొబ్బరిచెట్లకి తలలు లేవు. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ల సంగతి నీకు చెప్పక్కర్లేదు. అలాంటి రాత్రి మనుషులకి అడ్డు నిలబడే ఆ వేళ్లకే ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని ఉన్నాయమ్మా. చూస్తూ ఊరుకోలేకపోయాను. మన కాలువలో పారేసిందీ చివరికి ఏదో ఒక పాయలోనో సముద్రంలోనో తేలాల్సిందే కదా.

ఇంతలో దాళ్వా (రెండో పంట) వరి కోతలు అయ్యాయి, నీళ్లు ఆపి కాలువ కట్టేశారు. మన కాలువ మనమే శుభ్రం చేసుకోవాలని తిరిగొచ్చేటప్పుడు వ్యాన్‌లో అనుకున్నాం, ఆ ప్రకారం ప్రతి ఆదివారం తెల్లవారుజామునే అందులో దిగుతున్నాం. మగవాళ్లం కర్రలకి కొక్కేలు కట్టి గుర్రపుడెక్క లాగుతాం, ఆడవాళ్లు తట్టలకెత్తి గట్టు మీద పోస్తారు. దాని బరువంతా నీళ్లదే, రెండు మూడు రోజులు ఎండితే చేతికి తేలిగ్గా వస్తుంది. దాన్ని కొబ్బరిచెట్ల పాదుల్లో పరుస్తున్నాం. చెమ్మ ఆరకుండా ఉంటుంది, కుళ్లి ఎరువూ అవుతుంది. మళ్లీ మొలుస్తుంది, నాకు తెలుసు. దాని గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. అయినా ఏటా తియ్యాల్సిందే.

డెక్క కింద బురదలో ఏం బయటపడిందో చెప్పనా? ప్లాస్టిక్ గ్లాసులు, బస్తాలకి బస్తాలు. బాబు అన్నప్రాసనకి మనం తెప్పించినవీ అలాంటివే. అవి చివరికి ఎక్కడ పడ్డాయో ఆ రోజు మనం చూడలేదు. ఇప్పుడు వీధంతా చందాలు వేసుకుని మూడు వందల స్టీలు గ్లాసులు కొన్నాం. ఎవరింట్లో శుభకార్యమైనా అవే తీసుకెళ్లాలి, కడిగి తిరిగి ఇవ్వాలి. కడగడానికి మనుషులెక్కడ దొరుకుతారని మొదట గొడవ జరిగింది. మీ అమ్మ లేచి, మా వీధరుగు మీద నేను కడుగుతానంది. ఆ మాటతో ఇంకో నలుగురు ఒప్పుకున్నారు.

జూన్‌లో నీళ్లు వదిలేలోపు, ఒక ఆదివారం కలిసొచ్చేలా టికెట్లు తీసుకో. బాబుకి బురద అయినా ఫర్వాలేని పాత బట్టలు రెండు జతలు పెట్టు. మర్నాడు వాణ్ని కోరంగి నేనే తీసుకెళ్తాను, నువ్వూ రావాలి. కొత్తపల్లి కొబ్బరి మామిడి ఈసారి విరగకాసింది. నువ్వొచ్చేదాకా కొయ్యొద్దని మీ అమ్మ ఒక కొమ్మకి గుడ్డముక్క కట్టి ఉంచింది.

మీ నాన్న