సంతకాల కాగితంలో ఇంకో రెండు గడులు గీయించండి, మంత్రిగారూ

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక శాఖ మంత్రిగారికి,

విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఒక రిటైర్డ్ ఎకనామిక్స్ లెక్చరర్ నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

మొన్న మా వైపు డ్రైనేజీ పనుల మీద ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అంటే వెళ్లాను. ఉదయం పదకొండింటికి పెట్టారు. ఇళ్లల్లో పనికెళ్లేవాళ్లు, ఆటో తోలేవాళ్లు రాలేని టైమది. వచ్చింది కొందరు డ్వాక్రా మహిళలు, నాలాంటి పెన్షనర్లు. రాగానే ఓ కాగితం చేతికిచ్చారు. పేరు, ఫోన్ నంబరు, సంతకం... మూడే గడులు. ఏం మాట్లాడామో రాసే చోటే లేదు.

నా పక్కనున్నావిడ లేచి, "ఈ కాలవ నీళ్లు చివరికి ఎటు పోతాయండీ? 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా వంటింట్లో నడుంలోతు నిలబడ్డాయి. మళ్లీ ఇటే ఎగదన్నితే?" అని అడిగింది.

"డీపీఆర్ ఫైనల్ అయిపోయిందమ్మా" అన్నారు అధికారులు. డీపీఆర్ అంటే ఆ పనుల పూర్తి వివరాల నివేదిక. తర్వాత టీ ఇచ్చి ఫోటో తీశారు. టీ మాత్రం బాగుంది.

ముప్పై ఏళ్లు నేను క్లాసులో అభివృద్ధి సిద్ధాంతాలు చెప్పాను. ఏ దేశమైనా ఐదు మెట్లెక్కి సంపన్నమవుతుందని 1960లో అమెరికా ఆర్థికవేత్త రోస్టో రాశాడు. మూడో మెట్టు పేరు ‘టేకాఫ్’. విమానం కదా, పిల్లలకు భలే నచ్చేది. ముడిసరుకు అమ్ముకునేవాడికీ తయారైన సరుకు అమ్మేవాడికీ బేరం సమంగా ఉండదని లాటిన్ అమెరికా నుంచి ప్రెబిష్ అనే ఆర్థికవేత్త అన్నాడు. దానికి నేను గుంటూరు మిర్చి యార్డును చూపించేవాణ్ణి. మిర్చి టిక్కీలు (బస్తాలు) దించిన రైతు తన ధర తాను చెప్పలేడు. అదే మిర్చి కారం ప్యాకెట్టయితే ధర అచ్చేసుకుని మరీ వస్తుంది.

1990లో ఆర్థికవేత్తలు మహబూబ్ ఉల్ హక్, అమర్త్య సేన్ల చొరవతో దేశాల ప్రగతిని కొలిచే మానవాభివృద్ధి సూచిక వచ్చాక ఆదాయం పక్కన ఆయుష్షు, చదువు కూడా లెక్కలోకొచ్చాయి. ఇక పల్లెల అభివృద్ధి మీద పరిశోధన చేసిన రాబర్ట్ చాంబర్స్ అయితే, అధికారి తన చేతికర్ర ఊరివాళ్లకిచ్చి పక్కన కూర్చోవాలి, ఊరి పటం వాళ్లే నేల మీద గీస్తారు అన్నాడు. నేల మీది ఆ పటమే అరిగి అరిగి ఇప్పుడు మా సంతకాల కాగితమైంది.

నేను అప్పులకు వ్యతిరేకిని కాను. 2024 డిసెంబరులో అమరావతికి ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. అనుకున్న ఫలితం చూపిస్తేనే డబ్బు విడుదలయ్యే పద్ధతది. సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం కన్నా నయమే. కానీ ఫలితమంటే ఏమిటో రాసేదెవరన్నదే నా గొడవ. ఇన్ని కిలోమీటర్ల కాలవ కట్టామంటే ఆఫీసు లెక్కలో ఫలితం వచ్చేసినట్టే. మీటింగులో నా పక్కనున్నావిడ లెక్క వేరు. వాన పడ్డ రాత్రి బియ్యం డబ్బా మంచం మీదకెత్తకుండా నిద్రపోగలగాలి. మనిషి తాను కోరుకున్న బతుకు బతకగలగడమే అభివృద్ధి అని సేన్ చెప్పిందీ దాదాపు ఇదే, కాకపోతే ఆయన కాస్త కష్టంగా చెప్పాడు.

అందుకని మీటింగులు రాత్రి ఏడు తర్వాత, అదీ డీపీఆర్ ఖాయం కాకముందు పెట్టించండి. ఆ డీపీఆర్‌లో ముఖ్యమైన పేజీలు తెలుగులో వార్డు సచివాలయం గోడకు అంటించమనండి. సంతకాల కాగితంలో ‘ఏమన్నారు’, ‘దానికి ఏం చేశాం’ అని రెండు గడులు గీయించండి.

ఆవిడ ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు. తవ్వకం మా వీధి మలుపు దాకా వచ్చేసింది.

ఇట్లు,
ఒక సింగ్‌నగర్ వాసి