ఊబిలో ఆగిపోయిన కారు

సంపాదకుల వారికి,

నమస్కారం. గత ఆదివారం మీ సినిమా పేజీలో పాత హారర్ చిత్రాలు ఇప్పటి ప్రేక్షకులను భయపెట్టగలవా అన్న అంశంపై పాఠకుల అభిప్రాయాలు ప్రచురించారు. రంగులు లేవు, గ్రాఫిక్స్ లేవు, కథ నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి అవి ఇప్పుడు పనిచేయవని ఎక్కువమంది రాశారు. ఇరవై ఎనిమిదేళ్లు హైదరాబాద్‌లోని ఎడిటింగ్ రూముల్లో అసిస్టెంటుగా పనిచేసినవాణ్ణి కనుక, ఆ అభిప్రాయాలు చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. దేన్ని చూపించారన్నదాని కంటే, దాన్ని ఎప్పుడు, ఎంతసేపు, ఎవరి పక్కన నిలబెట్టి చూపించారన్నదాని మీదే ప్రేక్షకుడి భయం ఆధారపడి ఉంటుందని నా అనుభవం. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1960లో తీసిన ‘సైకో’ ఇందుకు నాకు తెలిసిన అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ.

ఆ సినిమాను నేను మొదటిసారి 1983లో అమీర్‌పేటలోని ఒక ప్రివ్యూ థియేటర్లో ఫిల్మ్ సొసైటీ వాళ్లు వేసినప్పుడు చూశాను. అప్పటికి ఎడిటింగ్‌లో చేరి ఏడాది కూడా కాలేదు. అందరూ గొప్పగా చెప్పుకునే స్నానాల గది హత్య కోసమే వెళ్లాను గానీ, బయటికి వచ్చాక నన్ను వదలకుండా పట్టుకున్న సన్నివేశం మాత్రం ఆ తర్వాత వచ్చేది. జానెట్ లీ పోషించిన మేరియన్ తన యజమాని బ్యాంకులో వేయమని ఇచ్చిన నలభై వేల డాలర్లతో పారిపోతూ దారిలో ఒక మోటెల్లో దిగి, అక్కడే హత్యకు గురవుతుంది. మోటెల్ నడిపే నార్మన్, అంటే ఆంథొనీ పెర్కిన్స్, ఆ గదిని శుభ్రంగా కడిగి, శవాన్ని ఆమె కారు డిక్కీలోనే పెట్టి, కారును తీసుకెళ్లి వెనుక ఉన్న ఊబిలోకి తోస్తాడు.

కారు బుడబుడమంటూ మునుగుతుంది. నార్మన్ గట్టున నిలబడి ఏదో నములుతూ చూస్తుంటాడు. సగానికి పైగా మునిగాక, పైభాగం ఇంకా తెల్లగా బయట కనబడుతుండగానే కారు ఆగిపోతుంది. అతని దవడ ఆగిపోతుంది. అటూ ఇటూ చూస్తాడు. మళ్లీ కారు, మళ్లీ అతని ముఖం. కొన్ని క్షణాల తర్వాత కారు కదిలి పూర్తిగా మునిగిపోతుంది. ఇందులో కత్తి లేదు, అరుపు లేదు, దెయ్యం లేదు. అయినా ఆ చీకటి హాల్లో నేను ఊపిరి బిగబట్టి ‘మునుగు, మునుగు’ అని మనసులో అనుకున్నానన్న సంగతి బయటికొచ్చి టీ తాగుతున్నప్పుడుగానీ నాకు తట్టలేదు. పావుగంట క్రితం దాకా ఎవరి కోసం ఆందోళనపడ్డానో ఆ మనిషి శవమే ఆ కారులో ఉంది, నేనేమో ఆ ఆధారం మాయమైపోవాలని కోరుకుంటున్నాను. ఒక ముఖాన్ని, ఒక వస్తువును మార్చి మార్చి చూపించడం ద్వారానే దర్శకుడు నన్ను నేరం దాచేవాడి పక్కన నిలబెట్టాడు.

మరుసటి రోజు ఫిల్మును చూస్తూ కత్తిరించే మూవియోలా యంత్రం ముందు కూర్చున్నప్పుడు ఆ సన్నివేశాన్ని అడుగుల్లో లెక్కవేసుకున్నాను. ముప్పై అయిదు మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24 ఫ్రేములు, అంటే సెకనుకు అడుగున్నర. కారు ఆగిన ఆ షాట్‌ను ఒక అడుగు తగ్గిస్తే ప్రేక్షకుడికి అనుమానం రాకముందే కారు మునిగిపోతుంది. అయిదారు అడుగులు పెంచితే వాడికి విసుగు పుడుతుంది. ఈ రెంటికీ మధ్య సరైన చోటును పట్టుకోవడమే ఎడిటర్ పని, ఆ చిత్రానికి ఆ పని చేసినవారు జార్జ్ టొమాసిని. మా నాయనమ్మ రాత్రిపూట కథ చెబుతూ ‘అప్పుడు తలుపు తీసేసరికి...’ అని ఆగి, మేమంతా ఊ కొట్టేదాకా నోరు మెదిపేది కాదు. ఎంతసేపు ఆగాలో ఆమెకు మా ముఖాలు చూస్తే తెలిసేది. ప్రేక్షకుల ముఖాలు కనిపించని గదిలో కూర్చుని ఆ కొలతను ముందే ఊహించవలసినవాడు ఎడిటర్.

స్నానాల గది సన్నివేశం గురించి చాలామంది రాశారు కనుక క్లుప్తంగా చెబుతాను. ఏడు రోజుల చిత్రీకరణ, డెబ్బై కెమెరా అమరికలు, తెర మీద నలభై అయిదు సెకన్లు: ఇది హిచ్‌కాక్ స్వయంగా చెప్పిన లెక్క. రక్తానికి బదులు చాక్లెట్ సిరప్ వాడారు, కత్తిపోటు శబ్దం కోసం కర్బూజాను పొడిచారు. కత్తి ఒంట్లోకి దిగడం మనం చూశామని ప్రమాణం చేసి చెబుతాం గానీ, నిజానికి కత్తి, చెయ్యి, ముఖం, నీళ్లు వేర్వేరు ముక్కలుగా వస్తుంటే ఆ దిగడాన్ని చాలావరకు మన మనసే పూరించుకుంటుంది. అయితే ఉత్కంఠ ఉన్నది ఈ కత్తిరింపులకు ముందు. అక్కడ సంగీతం లేదు, షవర్ నీళ్ల చప్పుడు మాత్రమే వినిపిస్తుంది. ఆమె అటు తిరిగి ఉండగా ప్లాస్టిక్ తెర వెనుక తలుపు తెరుచుకుని, ఒక నీడ దగ్గరికి వస్తుంది. ఆమెకు తెలియదు, మనకు తెలుసు. మనం చూస్తూ ఉండిపోవడం తప్ప చేయగలిగింది ఏమీ లేదు. తెర పక్కకు లాగిన తర్వాతే సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లు కీచుమంటాయి. ఈ సన్నివేశానికి అసలు సంగీతమే వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు, హెర్మన్ స్వరపరిచింది విన్నాక మనసు మార్చుకున్నాడు. చిత్రం మొత్తానికి హెర్మన్ తంత్రీ వాద్యాలు తప్ప మరేవీ వాడలేదు. హత్య ముగిశాక మళ్లీ నీళ్ల చప్పుడే మిగులుతుంది. ముందూ వెనుకా ఆ నిశ్శబ్దం లేకపోతే మధ్యలోని కీచుమన్న శబ్దానికి అంత బలం వచ్చేది కాదు.

మేరియన్‌ను వెతుక్కుంటూ వచ్చిన డిటెక్టివ్ నార్మన్ ఇంటి మెట్లెక్కే సన్నివేశంలో ఇదే పని కెమెరా చేసింది. పైన ప్రమాదం ఉందని మనకు తెలుసు, అతను టోపీ చేత్తో పట్టుకుని నింపాదిగా ఎక్కుతుంటాడు. పై గది తలుపు సన్నగా తెరుచుకుని, తివాచీ మీద వెలుతురు చార పడుతుంది. వెంటనే కెమెరా నడినెత్తి మీదకు వెళ్లిపోతుంది. ఆ టాప్ యాంగిల్ వల్ల దాడి చేసిన మనిషి ముఖం కనపడదు. మామూలు ఎత్తు నుంచి తీసి ముఖం మాత్రం దాచి ఉంటే, ఏదో దాస్తున్నారని ప్రేక్షకుడు పసిగట్టేవాడు. ఇక్కడ మెట్లు, మనుషులు, కత్తి అన్నీ కనిపిస్తుంటే దాచిపెట్టారన్న ఆలోచనే రాదు. పైనుంచి చిన్నగా కనిపించిన డిటెక్టివ్ ముఖం మరుక్షణం తెర నిండా వచ్చేసరికి గుండె గుభేలుమంటుంది. దాడి చేసిన మనిషి ముఖాన్ని ఎందుకు దాచవలసి వచ్చిందో ఇంకా చూడనివారి కోసం చెప్పడం లేదు.

ఇక మన సంగతి. తెలుగులో ఈ పని ఎవరూ చేయలేదని నేను అనను; రామ్‌గోపాల్ వర్మ 1992లో రేవతి ప్రధాన పాత్రగా తీసిన ‘రాత్రి’లో కెమెరా కదలికే సగం దెయ్యం పని చేసింది. కానీ నేను పనిచేసిన ఒక చిత్రంలో జరిగినది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. పాతబస్తీలోని ఒక శిథిలమైన దేవిడీలో, అంటే నవాబుల కాలపు పెద్ద భవంతిలో, కథానాయిక పొడవాటి వరండా వెంట నడిచే సన్నివేశాన్ని మా ఎడిటర్ గారు అరవై అడుగులు, అంటే నలభై సెకన్లు, కత్తిరించకుండా ఉంచారు. ఆమె కాలి పట్టీల చప్పుడు, ఎక్కడో కుళాయి నుంచి పడే నీటి చుక్కల చప్పుడు తప్ప ఏమీ లేవు. ఒకచోట పట్టీల చప్పుడు ఆగిపోతుంది, నీటి చుక్కలు మాత్రం పడుతూనే ఉంటాయి. ఎడిటింగ్ టేబుల్ మీద చూసిన ప్రతిసారీ మాకు ఒళ్లు జలదరించేది. నేపథ్య సంగీతం, శబ్దాలు కలిపే రీరికార్డింగ్ దశలో నిర్మాతల తరఫువారు అది ‘ఖాళీగా’ ఉందని దాన్ని పదిహేను సెకన్లకు కుదించి, మూడుచోట్ల కంచు తాళాల మోత పెట్టించారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మొదటి ఆట చూస్తే జనం మొదటి మోతకు ఉలిక్కిపడ్డారు, రెండోదానికి నవ్వారు, మూడోదానికి మాటల్లో పడిపోయారు. మా ఎడిటర్ గారు ఒక్క మాటా మాట్లాడకుండా ఇంటికి వెళ్లిపోయారు.

ఉలికిపాటు వేరు, ఉత్కంఠ వేరు. పక్కన టైరు పేలినా మనిషి ఉలిక్కిపడతాడు; అది చెవికి సంబంధించిన విషయం, రెండోసారికే అరిగిపోతుంది. ఊబిలో కారును నేను ఇప్పటికి పదిసార్లు చూశాను, మునుగుతుందని తెలిసీ ప్రతిసారీ నా చేతులు కుర్చీని పట్టుకుంటాయి. కిందటి నెల పదో తరగతి చదివే మా మనవడికి ఇంట్లో దీపాలు ఆర్పి ఆ చిత్రం చూపించాను. బ్లాక్ అండ్ వైట్ అనగానే ముఖం చిట్లించిన పిల్లవాడు, కారు ఆగినప్పుడు ‘అయ్యో, ఆగిపోయింది తాతయ్యా’ అన్నాడు. మీ పాఠకుల సందేహానికి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

ఇందుకు సంబంధించి మీ పత్రికకు ఒక మనవి. మీ చిత్ర సమీక్షల్లో కథకు, నటీనటులకు, పాటలకు పేరాలు కేటాయిస్తారు. ఎడిటింగ్‌కు ‘ఫరవాలేదు’ అనో, ‘ఇంకాస్త పదును పెట్టాల్సింది’ అనో ఒక్క ముక్క రాసి సరిపెడతారు. ఏ సన్నివేశంలో, ఏ కత్తిరింపు, ఏ నిశ్శబ్దం పనిచేసిందో, ఏది పనిచేయలేదో రెండు వాక్యాలైనా రాయించండి. అలా రాస్తే దేవిడీ వరండాలో నలభై సెకన్లు ఉంచమని అడిగే ఎడిటర్‌కు నిర్మాత ముందు చూపించడానికి ఒక కాగితమైనా ఉంటుంది. వీలైతే ఆదివారం పేజీలో వారానికి ఒక సన్నివేశాన్ని షాటు షాటుగా విడదీసి వివరించే శీర్షిక మొదలుపెట్టండి. మొదటి వారానికి ఊబి సన్నివేశాన్నే తీసుకోమని నా కోరిక. అడుగుల లెక్కతో సహా రాసివ్వడానికి నేను సిద్ధం.

భవదీయుడు,
ఒక విశ్రాంత అసిస్టెంట్ ఎడిటర్,
హైదరాబాద్