ముందు లెక్క చూద్దాం, తర్వాత ర్యామ్ కొందాం

కాకినాడ,
ఫిబ్రవరి 2026

చిన్నా,

నువ్వు పంపిన ల్యాప్‌టాప్ లింకులన్నీ చూశాను. 32 జీబీ ఉన్నదాని ధర దగ్గర మీ నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. ఫోన్లో చెబితే "సరే అమ్మా, సరే అమ్మా" అని పెట్టేస్తావు, పెట్టేశాక ఏం చెప్పానో నీకూ గుర్తుండదు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

నా మాట ముందే చెప్పేస్తాను. కొత్త ల్యాప్‌టాప్ ఇప్పుడు వద్దు. ఉన్నదానిలోని 8 జీబీ ర్యామ్‌కి (పని చేసేటప్పుడు మెషీన్ వాడుకునే తాత్కాలిక మెమరీకి) తోడు ఇంకో 8 జీబీ వేయాల్సి రావచ్చు, దానికి నేను ఒప్పుకుంటాను. కానీ నీ ప్రాజెక్టు ఫైలు తెరుచుకోకుండా మెషీన్ బిగుసుకుపోతోందే, ఆ గొడవ ర్యామ్‌తో తీరేది కాదు. నువ్వు అడిగిన 32 జీబీ వేసినా తీరదు.

ఎందుకో కాగితం తీసుకుని నాతో పాటు లెక్క వెయ్యి. నీది ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5 మహిళల ఫైలు కదా, అంటే 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. మొత్తం 7,24,115 మంది మహిళలు, ఒక్కొక్కరికీ ఒక వరుస. కాలమ్స్ వేలల్లో ఉంటాయి, లెక్క కోసం 5,000 అనుకో. నువ్వు వాడే పైథాన్ లైబ్రరీ పాండాస్ మామూలుగా ఒక్కో అంకెకి 8 బైట్లు తీసుకుంటుంది. ఈ మూడూ గుణిస్తే దాదాపు 29 జీబీ వస్తుంది. ఇంకా విండోస్ ఉంది, బ్రౌజర్ ఉంది. నువ్వు ఫిల్టర్ చేసి ఇంకో పేరుతో దాచుకున్న ప్రతిసారీ తయారయ్యే కాపీలున్నాయి. 32లో ఏం మిగిలినట్టు?

ఇప్పుడు నీకు నిజంగా ఏం కావాలో చూడు. రక్తహీనత మీద ప్రాజెక్టు అన్నావు. హిమోగ్లోబిన్, వయసు, చదువు, పల్లా పట్నమా, జిల్లా, ఇంటి ఆర్థిక స్థాయి, శాంపిల్ వెయిట్లు, ఇలా ఎంత ఉదారంగా లెక్కేసుకున్నా నలభై కాలమ్స్ దాటవు. 7,24,115 × 40 × 8 అంటే 23 కోట్ల చిల్లర బైట్లు, సుమారు 232 ఎంబీ. అదీ దేశం మొత్తానికి. ఆంధ్ర, తెలంగాణ వరకే తీసుకుంటే ఇంకా ఎంతో తగ్గుతుంది. వందమంది బంతికి వండిన గుండిగని తెచ్చి ఒకే విస్తట్లో బోర్లిస్తే ఎలా ఉంటుందో, నువ్వు చేస్తున్నది అలా ఉంది.

కాకపోతే కాలమ్స్ పేర్లు మాత్రమే ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. నీది స్టాటా అనే ఫార్మాట్‌లో ఉన్న ఫైలు, దాన్ని చదివేటప్పుడు పాండాస్ అడిగిన వరుసలన్నీ ముందు లోపలికి తెచ్చుకుని, ఆ తర్వాత అక్కర్లేని కాలమ్స్ పారేస్తుంది. అందుకని చంక్‌సైజ్ కూడా పెట్టు. యాభై వేల వరుసల చొప్పున చదువు, ప్రతి ముక్కలోంచీ నీ నలభై కాలమ్స్ ఉంచుకో, చివర్లో అన్నీ కలిపి పార్కెట్ అనే కుదించిన ఫైలుగా సేవ్ చేసుకో. రెండోసారి నుంచి ఆ చిన్న ఫైలే తెరువు, అసలు ఫైలు జోలికి పోనక్కర్లేదు. ఇది ఒక సాయంత్రం పని. మీ గైడ్‌కి కూడా పద్ధతిగా కనిపిస్తుంది.

అలాగని 8 జీబీ చాలు అనడం లేదు. విండోస్ 11కి కనీసం 4 జీబీ చాలని రాసి ఉంటుంది కానీ, ఆ కనీసంతో పని చేసినవాళ్లకే తెలుస్తుంది ఆ కష్టం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ల్యాబ్‌లో విండోస్ 98 నడిచేది, దానికి 16 ఎంబీ ఉంటే చాలు. అప్పుడూ పిల్లలు "స్లోగా ఉంది మేడమ్" అనేవాళ్లు, ఇప్పుడూ అంటారు. సరే, అది వేరే కథ.

అసలు ర్యామ్ తక్కువైతే ఏం జరుగుతుందో చెబుతా విను. మెషీన్ ఆగిపోదు. కాసేపటిగా వాడని మెమరీ ముక్కలను (పేజీలంటారు) విండోస్ తీసి డిస్క్ మీద పేజ్‌ఫైల్‌లో పెడుతుంది, మళ్లీ అడిగినప్పుడు వెనక్కి తెస్తుంది. నీ ఎస్ఎస్‌డీ ఎంత వేగమైనదైనా ర్యామ్ కంటే వందల రెట్లు నెమ్మది. అప్పుడప్పుడూ జరిగితే తెలియదు. అస్తమానం జరిగితే మాత్రం మౌస్ కదలదు, ఫ్యాన్ మోగుతుంది, నువ్వు నాకు ఫోన్ చేస్తావు.

ఇది జరుగుతోందో లేదో చూడటానికి ఏదీ కొననక్కర్లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ. అక్కడ కనిపించే శాతం ఒక్కటే చూసి కంగారు పడకు. నువ్వు చూడాల్సింది 'కమిటెడ్' అన్న చోట. అక్కడ రెండు అంకెలుంటాయి. ఎడమది ప్రోగ్రాములన్నీ కలిపి అడిగిన మెమరీ. కుడిది ర్యామ్, పేజ్‌ఫైల్ కలిపి ఇవ్వగలిగిన హద్దు. మామూలుగా పని చేసుకునే రోజున, అంటే ఆ పెద్ద ఫైలు తెరవకుండా, ఎడమ అంకె ఎప్పుడు చూసినా 11, 12 జీబీ దగ్గర ఉండి, పక్కనే డిస్క్ గ్రాఫ్ కూడా పైకి కొడుతుంటే నీకు నిజంగా ర్యామ్ తక్కువైనట్టే. 7 దగ్గర తిరుగుతుంటే బ్రౌజర్‌లో ట్యాబ్‌లు మూసుకో. నువ్వు ట్యాబ్‌లు మూయవని నాకు తెలుసు. క్రోమ్‌లో మెమరీ సేవర్ అని ఒకటుంది, అదన్నా ఆన్ చెయ్యి.

అదే పేజీలో కింద ఇంకో రెండు విషయాలుంటాయి, ఖర్చంతా తేలేది వాటితోనే. 'స్లాట్స్ యూజ్డ్' దగ్గర రెండింట్లో ఒకటి అని ఉంటే ఒక స్లాట్ ఖాళీ ఉన్నట్టు. 'ఫార్మ్ ఫ్యాక్టర్' దగ్గర ఎస్ఓడిమ్ అని ఉంటే విడిగా తీసి పెట్టే స్టిక్. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే బోర్డుకే అతికించేసిన చిప్‌లు. కొన్ని మోడళ్లలో సగం అతికించి, పక్కన ఒక స్లాట్ ఇస్తారు. అందుకే స్క్రీన్ మీద ఏం రాసి ఉన్నా వెనక మూత తీసి కళ్లతో చూసే దాకా నేను నమ్మను. నీది 2021లో కొన్నది కాబట్టి ర్యామ్ డీడీఆర్4 రకం అయి ఉంటుంది, 3200 స్పీడ్. అయినా సరి చూసుకో. డీడీఆర్5 స్టిక్ అందులో పట్టదు, గాటు వేరే చోట ఉంటుంది, పిన్నులూ 260కి బదులు 262.

నువ్వు పంపిన వాటిలో మ్యాక్‌బుక్ ఎయిర్ ఒకటుంది. మంచి మెషీనే, కాదనను. 2024 అక్టోబర్ నుంచి ఆపిల్ అందులో కనీసం 16 జీబీ ఇస్తోంది. కానీ కొన్న రోజున ఎంత ఉందో చచ్చేదాకా అంతే. పల్చగా ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లు కూడా చాలావరకు ఇదే దారి పట్టాయి. నీ పాత మెషీన్ కాస్త బరువే, కానీ మూత తీస్తే చెయ్యి పెట్టడానికి చోటుంది. ఆ సదుపాయాన్ని అమ్మేసి అతికించింది కొనుక్కోవాలంటే నాకు మనసొప్పదు.

ఇంకో మాట కూడా అన్నావు, ఏఐ మోడల్స్ సొంతంగా ల్యాప్‌టాప్ మీదే నడుపుతానని. 700 కోట్ల పారామీటర్ల మోడల్‌ని 4 బిట్లకు కుదిస్తే మూడున్నర, నాలుగు జీబీ అవుతుంది. 16లో పడుతుంది. పట్టడం ఒక్కటే కాదు, వేగం కూడా చూసుకోవాలి. ఒక్కో టోకెన్ (మాటలో ఒక ముక్క) రాయడానికి ఆ నాలుగు జీబీనీ మొదట్నుంచి చివరిదాకా చదవాలి. నీ దగ్గర ఒకే స్టిక్ ఉంటే డీడీఆర్4-3200 సెకనుకు 25.6 జీబీ ఇస్తుంది, అంటే ఎంత గొప్పగా నడిచినా సెకనుకు ఆరు టోకెన్లు. రెండో స్లాట్‌లో అదే సైజు స్టిక్ వేస్తే రెండు స్టిక్‌లూ ఒకేసారి పని చేసే డ్యూయల్ చానల్ అయి 51.2కి పెరుగుతుంది. విడి గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి స్క్రీన్ పని కూడా ఈ దారిలోనే సాగాలి, దానికీ మేలే. అందుకే ఉన్న 8 తీసేసి ఒక్క 16 వేయడం కంటే, పక్కన ఇంకో 8 వేయడమే నయం అంటున్నాను. సరదాకి ఆడుకోవడానికి ఇది చాలు. పెద్ద పనికి నెట్‌లో గూగుల్ వాళ్ల కోలాబ్ ఉంది, మీ డిపార్ట్‌మెంట్ సర్వర్ ఉంది.

ఇక డబ్బు సంగతి. మామూలు రోజులైతే ఇంత ఉత్తరం రాసేదాన్నే కాదు, వెళ్లి కొనుక్కో అనేదాన్ని. రెండేళ్ల కింద 8 జీబీ డీడీఆర్4 స్టిక్ రెండు వేలకు అటూ ఇటూగా దొరికేది. ఇప్పుడు రెండింతల పైమాటే. ప్రపంచంలో ర్యామ్ చిప్‌లు ప్రధానంగా చేసేది శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ముగ్గురూ ఏఐ సర్వర్లకు కావలసిన హెచ్‌బీఎమ్ మెమరీ వైపు మొగ్గారు, లాభం అక్కడుంది. మనలాంటి వాళ్లకి అమ్మే క్రూషియల్ బ్రాండ్ ఉంది చూడు, దాని వ్యాపారం ఆపేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్ 3న ప్రకటించింది. పైగా డీడీఆర్4 పాత సరుకు, తయారీ తగ్గించుకుంటూ వస్తున్నారు. కొత్త ల్యాప్‌టాప్‌ల్లో ఉండేది కూడా ఈ మెమరీయే కాబట్టి వాటి ధరా ఇదే గాలికి పెరుగుతోంది. అంటే 32 జీబీ ల్యాప్‌టాప్ కొనడానికి ఇంతకంటే చెడ్డ సమయం నేను చూడలేదు. తగ్గేదాకా ఆగమందామంటే ఎప్పుడు తగ్గుతుందో ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. కాబట్టి అవసరమని తేలితే ఆ ఒక్క స్టిక్ ఇప్పుడే కొనేద్దాం, మిగతాది నీకు ఉద్యోగం వచ్చాక నీ జీతంతో చూసుకో.

కొనేటప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి) వెళ్లు. ఫోన్లో ధర అడగకు, ల్యాప్‌టాప్ పట్టుకునే వెళ్లు. వాళ్ల ముందే వేయించుకుని టాస్క్ మేనేజర్‌లో 16 చూపిస్తోందా, స్పీడ్ 3200 ఉందా అని చూశాకే డబ్బులివ్వు. మా ల్యాబ్‌కి సరుకిచ్చే ఒకాయన ఒకసారి 2400 స్టిక్‌లకి 3200 స్టిక్కర్లు అంటించి పంపాడు. అడిగితే "స్పీడ్‌దేముంది మేడమ్, నడుస్తున్నాయి కదా" అన్నాడు. నిజంగానే నడుస్తాయి, రెండూ కలిపి నెమ్మదైనదాని వేగంతో. వాడిన స్టిక్ తక్కువకి ఇస్తామంటే భయపడక్కర్లేదు, ర్యామ్ అంత తేలిగ్గా అరిగిపోయే వస్తువు కాదు. కాకపోతే రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రాం పెట్టి, ఒక్క ఎర్రర్ వచ్చినా మర్నాడే వెనక్కిచ్చెయ్. బిల్లు లేకుండా మాత్రం తీసుకోకు. పేరున్న బ్రాండ్లకి వారంటీ చాలా ఏళ్లుంటుంది, బిల్లు పోతే అదీ పోయినట్టే.

నువ్వే వేసుకుంటానంటే మెషీన్ పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ పీకి, మూత తీశాక బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీయి. స్టిక్‌ని ఏటవాలుగా దోపి కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమంటాయి.

పాతది చెల్లికి ఇచ్చేద్దాం అన్నావు. తెలివైన ఎత్తే. చెల్లి ఇంటర్ రెండో ఏడు, ఇప్పుడు దానికి ల్యాప్‌టాప్ కంటే నిద్ర ఎక్కువ అవసరం. విండోస్ 10 ఆగిపోయిందన్న భయం కూడా పెట్టావు నాన్నకి. 2025 అక్టోబర్‌లో దాని సపోర్ట్ ఆగిన మాట నిజమే, కానీ నీది పదకొండో తరం ఐ5, విండోస్ 11 ఎప్పుడో ఎక్కించుకున్నావు. ఆ సంగతి ఆయనకి చెప్పాను.

నాకు నిజంగా అనుమానం ఉన్నది బ్యాటరీ మీద. నాలుగేళ్లు దాటింది, ఎప్పుడూ ఛార్జర్‌కి తగిలించే ఉంచుతావు. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీతో బ్యాటరీ రిపోర్ట్ తీసి, డిజైన్ కెపాసిటీ ఎంత, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ ఎంత అని చూడు. రెండోది సగానికి పడిపోయి ఉంటే ర్యామ్ కంటే ముందు బ్యాటరీ మార్పిద్దాం. కీళ్లు, కీబోర్డ్ బాగానే ఉన్నాయని సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను.

సోమవారం నుంచి శనివారం దాకా, పని మధ్యలో ఉన్నప్పుడు ఆ మెమరీ పేజీ ఫొటో రోజుకొకటి తీసి పంపు. ఇంకొకటి వెనక మూత తీసి, స్లాట్ కనిపించేలా. మరీ దగ్గరగా కాదు, అక్షరాలు చదవగలిగేలా తియ్యి. అవి వచ్చాకే డబ్బు వేస్తాను, ముందే వేస్తే అది ర్యామ్‌గా మారుతుందన్న నమ్మకం నాకు లేదు.

మీ అమ్మ